రెండు అడుగుల తేడా, రెండో మనిషి

పోయిన ఆదివారం పొద్దున్నే అట్లాంటా దగ్గరి జాన్స్ క్రీక్ నుంచి తెలిసిన తమ్ముడొకడు ఫోన్ చేశాడు. "అన్నా, ఇవాళ అడ్వాన్సు ఇచ్చేస్తున్నా. 21 అడుగుల పడవ తీసుకోమంటావా, 23 తీసుకోమంటావా? ఒక్క ముక్కలో చెప్పు."

ఒక్క ముక్కలో చెప్పలేకపోయాను. "21" అని నోటిదాకా వచ్చింది. కానీ ఎందుకని అడిగితే చెప్పడానికి అరగంట పడుతుంది, అతనేమో కారులో దారిలో ఉన్నాడు. రెండేళ్ల కిందట ఇదే ప్రశ్నతో నేనూ మా ఆవిడా మూడు నెలలు తల బద్దలు కొట్టుకున్నాం. ఆ మూడు నెలల్లో నాకు అర్థమైంది ఒకటే. ఫోన్లో సరిగా చెప్పలేకపోయిన ఆ సంగతి ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

మేం ఉండేది కమింగ్‌లో. ఇంటి నుంచి లేక్ లేనియర్ పావుగంట దూరం. అట్లాంటాకి ఉత్తరాన ఇన్ని తెలుగు కుటుంబాలు స్థిరపడ్డాక, వేసవి శనివారాల్లో ఆ చెరువు మీద తెలుగు మాట వినపడటం ఇప్పుడు వింతేమీ కాదు. (చెరువు అంటున్నాను గానీ అది 1956లో చాటహూచీ నది మీద బ్యూఫర్డ్ డ్యామ్ కట్టడంతో ఏర్పడిన జలాశయం. 38,000 ఎకరాలు. మా అమ్మ మొదటిసారి చూసి "ఇది చెరువేంట్రా, గోదారి లాగుంది" అంది.)

ఆ రెండు అడుగులు ఎక్కడికి పోతాయి

మేం చూసిన రెండు పడవలూ ఒకే కంపెనీవి, ఒకే వరసలోవి. రెండూ బౌరైడర్లే, అంటే ముక్కు దగ్గర కూడా కూర్చోవడానికి సీట్లు ఉన్న రకం. సీట్ల రంగు, స్టీరింగ్, వెనక మెట్లు అన్నీ ఒకటే. డీలర్ దగ్గర పక్కపక్కన నిలబెట్టి చూపిస్తే మా పిల్లలు "ఏది పెద్దది?" అని అడిగారు. కంటికి అంత దగ్గరగా ఉన్నాయి.

ఈ రకం పడవల్లో 21 అడుగులు దాటాక వెడల్పు పెద్దగా పెరగదు. అమెరికా రోడ్ల మీద ప్రత్యేక పర్మిట్ లేకుండా ట్రైలర్ మీద లాక్కెళ్లే పడవ 8 అడుగుల 6 అంగుళాలకు మించకూడదు. కాబట్టి కంపెనీలు ఆ గీత దాకా వచ్చి ఆగిపోతాయి. పెరిగేదంతా పొడవూ, లోతూ, బరువూ. మేం చూసినవాటిలో చిన్నది 3,700 పౌండ్లు, పెద్దది 4,600. చిన్నదానికి 4.5 లీటర్ల వీ6 ఇంజను, 250 హార్స్‌పవర్. పెద్దదానికి 6.2 లీటర్ల వీ8, 300.

ఆ 900 పౌండ్లతో ఏం వస్తుందో ఎక్కి కూర్చుంటే తెలుస్తుంది. ముక్కు దగ్గర పెద్దవాళ్లు కాళ్లు చాపుకోవచ్చు. బాత్రూమ్ ఉన్న గదిలో పెద్దమనిషి కూడా ఇబ్బంది పడకుండా తిరగొచ్చు. ఆడవాళ్లూ పెద్దవాళ్లూ నాలుగు గంటలు నీళ్ల మీద ఉండాలంటే అది చిన్న విషయం కాదు. వెనక పడుకునే పరుపు ఇంకో జానెడు ఎక్కువ. పెద్దది ఎక్కినవాళ్లకి చిన్నది ఇరుకుగానే ఉంటుంది. అది నిజం, ఒప్పుకుంటున్నాను.

డబ్బు సంగతి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే తేల్చింది అది కాదు. రెండింటి ధరలో తేడా పద్నాలుగు వేల డాలర్లు. మా బండి లాగగలిగేది 5,000 పౌండ్లు. చిన్న పడవ 3,700, నలభై గ్యాలన్ల పెట్రోలు గ్యాలన్‌కి ఆరు పౌండ్ల చొప్పున 240, ట్రైలర్ ఒక 900. మొత్తం 4,840. తాళ్లూ లైఫ్ జాకెట్లూ ఐస్‌బాక్సూ వేస్తే అంచు మీదే ఉన్నాం. పెద్దది లాగాలంటే బండి కూడా మార్చాలి. మెరీనాలో, అంటే పడవలు నిలిపే రేవులో, షెడ్డులో పెట్టించినా పొడవుని బట్టే బాడుగ. ఇవన్నీ కాగితం మీద లెక్కలు, రెండు సాయంత్రాల్లో తేలిపోయాయి.

పన్నెండు మంది లెక్క

అసలు చర్చ మనుషుల దగ్గర మొదలైంది. మా ఆవిడ 23 వైపు, నేను 21 వైపు. ఆమె మాట న్యాయమైనదే. "మనం ఎప్పుడైనా నలుగురమే ఎక్కడికైనా వెళ్లామా అండీ? వాళ్లని పిలిచి వీళ్లని పిలవకపోతే ఎలా? మీ అమ్మగారు వస్తారు, మా తమ్ముడు వాళ్లు వస్తారు."

పడవలో ఎంతమంది ఎక్కొచ్చో చెప్పే పలక డ్రైవర్ సీటు దగ్గర అతికించి ఉంటుంది. పెద్దదాని మీద 12 అని, చిన్నదాని మీద 10 అని. ఈ పలక గురించి చాలామందికి తెలియని విషయం ఒకటుంది. 20 అడుగుల లోపు మోటారు పడవలకే అమెరికా కోస్ట్ గార్డ్ చట్టం దాన్ని తప్పనిసరి చేసింది. ఆపై సైజుల్లో, 26 అడుగుల దాకా, తయారీదారుల సంఘం సర్టిఫికెట్ తీసుకున్న కంపెనీలు తమంతట తాము పెడతాయి. అది మంచి పనే. అయితే ఆ అంకె ప్రశాంతమైన వాతావరణంలో పడవ భరించగలిగే పై హద్దు. అంతమందిని ఎక్కించుకుని హాయిగా తిరగొచ్చని దాని అర్థం కాదు. బౌరైడర్ ముక్కులో నలుగురు పెద్దవాళ్లు కూర్చుని ఉండగా వేగం తగ్గించారనుకోండి, ముక్కు కిందికి దిగుతుంది. సరిగ్గా అప్పుడు ఎదురుగా పెద్ద క్రూయిజర్ (లోపల గదులుండే పెద్ద పడవ) లేపిన అల వస్తే నీళ్లు లోపలికే. 21లోనైనా 23లోనైనా ఇది జరుగుతుంది. 21లో తొందరగా జరుగుతుంది.

ఆ ముందటి వేసవంతా మేం బోటు క్లబ్బులో సభ్యులం. నెలకింత కట్టి ఏ పడవ ఖాళీగా ఉంటే అది తీసుకెళ్లే పద్ధతి. పాత మెసేజ్‌లు, ఫొటోలు తిరగేసి ఎన్నిసార్లు వెళ్లామో, ఎవరెవరు ఉన్నారో ఒక కాగితం మీద రాసి చూశాను. పద్నాలుగు ట్రిప్పులు. అందులో ఎనిమిదింట్లో మేం నలుగురమే. నాలుగింట్లో ఆరేడుగురం. పది దాటింది రెండుసార్లే, రెండూ సెలవు రోజులు, ఒకటి జూలై నాలుగు, ఇంకొకటి లేబర్ డే.

ఆ కాగితం చూపిస్తే మా ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మనం నలుగురమే వెళ్లింది ఎవరినీ పిలవడానికి వీల్లేని పడవ కాబట్టేమో" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. ఉన్న పడవని బట్టే పిలుపులు ఉంటాయి. పెద్దది ఉంటే పిలిచేవాళ్లమే. కాబట్టి ఆ లెక్క నా పక్షాన సాక్ష్యమని ఇప్పటికీ పూర్తిగా అనలేను.

జూలైలో ఆ పావుగంట

తేల్చింది వేరే. అది కూడా ఆ క్లబ్బు వేసవిలోనే జరిగింది. ఆ రోజు క్లబ్బులో 24 అడుగులదే ఖాళీగా ఉంది. మేం నలుగురం, మా అమ్మ. అమ్మ రాజమండ్రి నుంచి వచ్చి రెండు నెలలైంది. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర పాపికొండల బోటు మునిగిపోయినప్పటి నుంచి ఆమె పడవ ఎక్కడం మానేసింది. ఆ రోజు కూడా ఎక్కనంది. పిల్లల కోసం వచ్చి ఒడ్డున చెట్టు కింద కుర్చీ వేసుకుని కూర్చుంది.

ఒక లంక దగ్గర ఇంజను ఆపాం. లంగరు వెయ్యలేదు, పది నిమిషాలే కదా అనుకున్నాం. మావాడి గాలి టైరు ఎగిరి నీళ్లలో పడింది. అది తేలుకుంటూ పోతుంటే వాడు ఏడుపు. నేను ఆలోచించకుండా దూకేశాను, లైఫ్ జాకెట్ లేకుండా. పిల్లలు వేసుకునే ఉన్నారు. మా జార్జియా రాష్ట్రంలో పదమూడేళ్లలోపు పిల్లలకి కదిలే పడవలో అది చట్టం కూడా. పెద్దవాళ్లకి పడవలో ఉంటే చాలు, వేసుకోనక్కర్లేదు. నేనూ ఆ ఒక్క వాక్యం పట్టుకుని బతికినవాణ్నే.

టైరు దొరికింది. వెనక్కి తిరిగి చూస్తే పడవ నేను వదిలిన చోట లేదు. గాలి దాన్ని పక్కకి నెట్టుకుపోతోంది. ఎంత ఈదినా మధ్యలో దూరం తగ్గడం లేదు. మా ఆవిడకి కేకేశాను, స్టార్ట్ చెయ్యమని. ఆమె తాళం తిప్పింది. ఇంజను గుర్రుగుర్రుమంటుంది గానీ అందుకోదు. మళ్లీ తిప్పింది. పిల్లలిద్దరూ ఏడుస్తున్నారు. ఆమె గొంతు మారిపోవడం నాకు నీళ్లలో నుంచి వినపడింది.

అప్పుడు నా చెయ్యి నడుము దగ్గర ఒక ఎర్రతాడుకి తగిలింది. కిల్ స్విచ్ తాడు. డ్రైవర్ నీళ్లలో పడిపోతే ఇంజను దానంతటదే ఆగిపోయేందుకు ఒంటికి తగిలించుకునేది. 26 అడుగుల లోపు పడవల్లో వేగంగా వెళ్లేటప్పుడు దాన్ని పెట్టుకోవడం 2021 ఏప్రిల్ నుంచి కేంద్ర చట్టం. నేను బుద్ధిగా పెట్టుకున్నాను. దాంతోనే నీళ్లలోకి దూకేశాను. అది స్విచ్‌లో కాకుండా నా నిక్కరుకి వేలాడుతున్నంతసేపూ ఆ ఇంజను అంటుకోదు. ఆ సంగతి ఆమెకి తెలియదు. నేనెప్పుడూ చెప్పలేదు.

నేను ఒడ్డున పడటానికి కారణం పాంటూన్ పడవలో (గొట్టాల మీద తేలే బల్లపరుపు పడవ) వచ్చిన ఒక ముసలి దంపతులు. నిచ్చెన దింపి నన్ను ఎక్కించుకున్నారు, మా పడవ దగ్గర దింపారు. ఆ పెద్దావిడ నా నడుముకున్న తాడు చూపించి, ఇలాంటిది ఇంకొకటి కొని మీ భార్య చేతికి ఇవ్వు అంది. కోప్పడలేదు, అంతే చెప్పింది.

సాయంత్రం ఇంట్లో అమ్మకి చెప్పక తప్పలేదు, పిల్లలు చెప్పేశారు. ఆమె చిన్నాన్న ఒకప్పుడు గోదావరి మీద లాంచీ నడిపే సరంగు. ఆమె తిట్టలేదు. "లాంచీలో సరంగు నీళ్లలో దూకడురా. దూకాల్సొస్తే ఇంకొకడు చక్రం పట్టుకున్నాకే దూకుతాడు" అంది.

సైజుకీ దీనికీ ఏం సంబంధం?

ఇది చదివేవాళ్లు అడుగుతారు, అడగాలి కూడా. తాడు మర్చిపోయింది నేను, చెప్పనిది నేను. పడవ 24 అయితేనేం, 19 అయితేనేం? ఇంకో తాడు కొని, ఆమెకి నేర్పిస్తే సరిపోతుంది కదా?

సగం సరిపోతుంది. ఆ మర్నాడే ఇంకో తాడు కొన్నాం. రాష్ట్రం గుర్తించిన ఆన్‌లైన్ బోటింగ్ కోర్సు మా ఆవిడ పూర్తిచేసింది. 1998 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకే జార్జియాలో అది తప్పనిసరి, మా వయసు వాళ్లకి మినహాయింపు. ఆ మినహాయింపు వాడుకోవడం ఎంత తప్పో నాకు ఆ కోర్సులో ఆమె రాసుకున్న నోట్సు చూస్తే తెలిసింది. నేనూ చేశాను.

మిగతా సగం నీళ్ల మీద తెలిసింది. కొనే ముందు డీలర్‌ని అడిగి రెండు ఆదివారాలు పొద్దున్నే రెండు పడవల్నీ నీళ్లలో దింపించాం. ఒక నియమం పెట్టుకున్నాం. నేను ముక్కు దగ్గర చేతులు కట్టుకుని కూర్చోవాలి, మాట సాయం కూడా చెయ్యకూడదు. ఆమె డాక్ (పడవ కట్టే వేదిక) నుంచి బయటికి తీసుకెళ్లాలి, తిరిగి తెచ్చి కట్టాలి. ఒక్కొక్కదాంట్లో ఎనిమిదిసార్లు.

ఇలాంటి పడవలకి విడిగా చుక్కాని ఉండదు. ప్రొపెల్లర్ ఎటు తోస్తే అటే వెళ్తుంది. గేరులో లేకపోతే స్టీరింగ్ ఎంత తిప్పినా ముక్కు తిరగదు. కారు నడిపినవాళ్లకి ఇది ఒంటికి పట్టడానికి సమయం పడుతుంది. డాక్ దగ్గరికి వస్తూ భయపడి న్యూట్రల్‌లో పెట్టేస్తాం, అక్కడి నుంచి పడవ గాలిది. 21తో ఆమె మొదటి మూడుసార్లు తప్పింది, తర్వాత ఐదుసార్లూ తెచ్చి పెట్టింది. 23తో ఎనిమిదిలో మూడే. ఆ తప్పిన ఐదింట్లో రెండుసార్లు నడపడంలో లోపం లేదు. సరిగ్గానే తెచ్చింది, తాడు పట్టుకుని డాక్ మీదికి దిగింది కూడా. అప్పుడు గాలి వీచింది. ఎత్తైన ఆ పక్కభాగం గాలికి అడ్డంగా గోడలా నిలబడింది. నాలుగు వేల ఆరొందల పౌండ్లు, పైన ఇంధనం, నేను, సేల్స్‌మ్యాన్. కొక్కేనికి చుట్టేలోపే తాడు ఆమె చేతుల్లోంచి జారిపోయింది. అరచెయ్యి ఎర్రగా కందింది. 21తో అదే గాలిలో ఆమె కాలు అదిమిపెట్టి నిలబెట్టగలిగింది.

నేను చెప్పదలచుకున్నది ఇదే. మన ఇళ్లల్లో పడవ సైజు రెండు లెక్కల మీద తేలుస్తున్నాం. ఒకటి ఎంతమందిని ఎక్కించగలం, రెండోది ఆ ఇంటాయన ఎంత పెద్దది నడపగలడు. ఆయనకి నడుము పట్టేసినా, వడదెబ్బ తగిలినా, నాలాగా బుద్ధి లేకుండా నీళ్లలో దూకినా, ఆ పడవని పిల్లలతో సహా తిరిగి తెచ్చి కట్టాల్సింది రెండో మనిషి. ఆ మనిషి, ఒక మోస్తరు గాలిలో, ఎవరి సాయమూ లేకుండా తెచ్చి కట్టగలిగినంత పడవే ఆ ఇంటికి సరైన సైజు. ఆ రెండో మనిషి మగా ఆడా అన్నది కాదు ఇక్కడ సంగతి. మా స్నేహితుల్లో ఒకావిడ బ్రహ్మాండంగా నడుపుతుంది, వాళ్లాయనకే రాదు. వాళ్లకీ ఇదే లెక్క వర్తిస్తుంది.

మా ఆవిడ దీన్ని మొదట ఒప్పుకోలేదు. తన చేతకానితనం మీద ఇంటి నిర్ణయం నిలబడటం ఆమెకి నచ్చలేదు. "ఇంకో నెల ప్రాక్టీసు చేస్తే 23 కూడా వస్తుంది నాకు" అంది. వచ్చేదేమో. ఆ మాటకి నేను చాలా రోజులు తడబడ్డాను. చివరికి ఆమే తేల్చింది. "సరదా కోసం వెళ్లే చోట నేను టెన్షన్ పడుతూ కూర్చోను. తాళం నా చేతికిస్తే నవ్వుతూ తీసుకోగలగాలి" అంది.

శనివారం మధ్యాహ్నం అలలు

21 తీసుకున్నాం. దానికి కట్టిన మూల్యం కూడా చెప్పాలి, లేకపోతే ఈ వ్యాసం పడవ అమ్మే ప్రకటనలా ఉంటుంది.

లేనియర్‌లో డ్యామ్ వైపు నీళ్లు బాగా తెరిచినట్టు ఉంటాయి. వేసవి శనివారం మధ్యాహ్నం రెండు దాటాక పెద్ద క్రూయిజర్లు, వేక్ బోట్లు (కావాలనే పెద్ద అల లేపే పడవలు), జెట్ స్కీలు అన్నీ కలిసి నీళ్లని నాలుగు వైపుల నుంచీ చిలుకుతాయి. ఆ అలల్లో 23కి ఉన్న నిబ్బరం 21కి లేదు. ఇందులో వాదించడానికేమీ లేదు. పొడవూ బరువూ ఉన్న పడవ అలని కోసుకుని పోతుంది, చిన్నది ఎక్కి దిగుతుంది. అమ్మ మళ్లీ వచ్చినప్పుడు ఎలాగో ఒప్పించి ఎక్కించాం. తెలివితక్కువగా శనివారం మూడింటికి తీసుకెళ్లాం. ఒక అలకి ఆమె సీటు మీంచి లేచి పడింది. నడుము వారం రోజులు నొప్పెట్టింది. 23 అయితే ఆ దెబ్బ తగిలేది కాదేమో అని ఆ వారమంతా అనుకున్నాను.

ఇప్పుడు పద్ధతి మార్చుకున్నాం. పొద్దున ఏడున్నరకి టిడ్వెల్ పార్కులో పడవ దింపే ర్యాంపు దగ్గర ఉంటాం, పదకొండుకల్లా బయటికి. ఆ వేళకి నీళ్లు అద్దంలా ఉంటాయి. అమ్మని తర్వాత రెండుసార్లు అలాగే తీసుకెళ్లాం, వచ్చింది. లైఫ్ జాకెట్ ఆమెకి నేనే కట్టాను, నాదీ వేసుకున్నాను. ఆమె మొదటి ప్రశ్న, "ఇందులో ఎంతమందని రాసుంది?" పది అని చెప్పాను. "మనం?" ఆరుగురం. తల ఊపి కూర్చుంది. మా ఇంట్లో లెక్క ఏడుగురే, పలక మీద ఏమున్నా సరే.

ఆ ఏడుగురి లెక్క వల్ల మాటలు పడ్డాం. పోయిన మెమోరియల్ డే సెలవుకి మా బావమరిది వాళ్లు, వాళ్ల తోడల్లుడి కుటుంబం, మొత్తం పదమూడు మంది. రెండు విడతలుగా తిప్పాను. మొదటి విడత తిరుగుతుంటే రెండో విడత ఒడ్డున పులిహోర తింటూ ఎదురుచూశారు. ఒకాయన "ఇంకొంచెం పెద్దది తీసుకోవాల్సింది బావా" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. ఆ రోజు అందరం ఒకేసారి నీళ్ల మీద ఉండి ఉంటే బాగుండేదని నాకూ అనిపించింది. ఆ కోరిక తప్పని నేను అనను. ఏడాదికి రెండుసార్లు వచ్చే ఆ రోజు కోసమైతే ఒక పెద్ద పాంటూన్ అద్దెకి తీసుకోవచ్చు. వచ్చే ఏడు అదే చెయ్యాలనుకుంటున్నాం.

ఫోన్ చేసిన తమ్ముడు

ఇదంతా ఆదివారం ఫోన్లో చెప్పలేక ఒక్క ప్రశ్న అడిగాను.

"మీ ఆవిడ నడిపి చూసిందా?"

"లేదన్నా. తనకి భయం. తను ఊరికే వచ్చి కూర్చుంటుంది."

"పిల్లలు?"

"ఐదేళ్లొకడు, మూడేళ్లొకడు."

కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. తర్వాత జూలైలో జరిగింది చెప్పాను, తాడు సంగతితో సహా. అతను బండి పక్కకి ఆపి విన్నాడు. అడ్వాన్సు ఇవ్వకుండానే ఇంటికి తిరిగి వెళ్లాడు. నిన్న మెసేజ్ పెట్టాడు. వచ్చే ఆదివారం ఎనిమిదింటికి రెండు పడవల్నీ నీళ్లలో దింపడానికి డీలర్ ఒప్పుకున్నాడట. పిల్లల్ని మా ఇంట్లో దింపుతారు, మా అమ్మాయి చూసుకుంటుంది. మా ఆవిడ వాళ్లతో వెళ్తోంది, స్టీరింగ్ దగ్గర అతని భార్య పక్కన కూర్చోవడానికి.